మంగమ్మ ఇచ్చిన పాత వల

మాకు చేపలు తెచ్చే మంగమ్మ, పోయిన భర్త చిరుగుల వలని పారెయ్యడానికి చేతులు రాక, చిక్కుడుపాదు పాకించుకోమని నాకిచ్చింది. ఈ మధ్యాహ్నం లేసు ఆర్డరులో మిగిలిన దారపు ముక్కలతో చిరుగులు పూడ్చాను. లేసు అల్లే నరసాపురం చెయ్యి కదా, ఊరుకోలేదు. చిరుగున్న చోటల్లా ఒక పువ్వు అల్లేసింది!

సాయంత్రం మంగమ్మ వచ్చి చూసి, చేపల బుట్ట దించేసి గబగబా వల దగ్గరికి నడిచింది. నాకు భయమేసింది.

"ఏమనుకోకు మంగమ్మా, అలవాటులో పువ్వులు పడిపోయాయి," అన్నాను.

ఒక్కో పువ్వునీ వేలితో తడిమింది. "ఇన్నేళ్లూ ఆయన దీన్ని గోదాట్లో ఏసేవోరండి. పువ్వు పడ్డం ఇదే మొదలండి," అంది.

చిక్కుడు తొలి కాపు ఆవిడకే. మీ ఇంట్లోనూ పారెయ్యడానికి చేతులు రానివేమైనా ఉంటే చెప్పండి. నా దగ్గర దారం ఇంకా ఉంది.