ఊ కొట్టే పని

మార్గశిరం వచ్చిందంటే బర్మాలో మా చిమిండైంగ్ బజారులో తాటిబెల్లం బుట్టల దగ్గర ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. ఆ వాసనతో మా నాన్నమ్మ తిమ్మనం కాచే పొయ్యి, కొబ్బరి కోరే చప్పుడు, నది మీంచి వచ్చే చలిగాలి, అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్లు ఇక్కడ ఎన్ని వదులుకున్నా మార్గశిర లక్ష్మివారాలు వదల్లేదు. ఆ రోజు తలకి నూనె లేదు, దువ్వెన లేదు. ఒక వారం పులగం, ఇంకో వారం అట్లూ తిమ్మనం, ఆ పై వారం అప్పాలూ పరమాన్నం. వాకిట్లో ముగ్గు కనబడగానే బర్మా పిల్లలు ఆట మానేసి మా గుమ్మంలో చేరేవాళ్లు. పూజ చివర నాన్నమ్మ నోము కథ చెప్పేది. ఎదురుగా ఒకరు అక్షింతలు పట్టుకుని ఊ కొట్టకపోతే నోము ఫలించదని ఆవిడ నమ్మకం. అమ్మ బర్మా మనిషి, ఆమెకొచ్చిన తెలుగు వంటింటి వరకే. అందుకని ఊ కొట్టే పని నాది. నోరు ఊ అనేది, చెవి మాత్రం గుమ్మంలో ఆ పిల్లల గోల మీదుండేది.

నాన్న చౌక్తడా పేటలో ఒక ఆఫీసులో గుమస్తా. ఇంగ్లీషు వస్తేనే మనకు దిక్కని, రోజుకో మాట అర్థం చెప్పి, ఇంట్లో సంగతేదైనా పెట్టి వాక్యం రాయమనేవాడు. నా పదకొండో ఏట, ఒక లక్ష్మివారం పొద్దున్న, ‘ఇండిఫరెన్స్’ చెప్పాడు. కోపం కాదు, అయిష్టమూ కాదు. ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టుండటం. నేను తడుముకోకుండా, నాన్నమ్మ కథంటే నాకు ఇండిఫరెన్స్ అని రాశాను. నాన్న పొంగిపోయి ‘గుడ్’ అని పెట్టి పైకి చదివాడు. నాన్నమ్మ అట్లకాడతోనే వచ్చింది.

"ఏటి రాసిందిరా పిల్ల?"

"నీ కత దానికి పట్టదంటమ్మా," అన్నాడు నాన్న నవ్వుతూ.

ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పట్టనోల్ని కూకోబెడితే ఏటొస్తాది? ఒగ్గీరా," అని లోపలికెళ్లిపోయింది.

బతికాననుకుని వీధిలోకి పరిగెత్తాను. ఆ రోజు నుంచి అక్షింతలు అమ్మ పట్టుకుంది. కథలో పిల్ల ఏడ్చే చోట కూడా పాపం నవ్వుతూ ఊ అనేది, నాన్నమ్మ దిద్దకుండా చెప్పుకుపోయేది. రెండేళ్లకు నాన్నమ్మ పోయింది. ఆ ‘గుడ్’ తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం, నాన్న మీద కోపం. అవి తగ్గలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుని బతుకుతున్నాను. ‘ఇండిఫరెన్స్’ వచ్చినప్పుడల్లా అర్థం చెప్పి, వాక్యంలో మా ఇంటిది కాక ఇంకెవరిదో సంగతి పెడతాను. మా వీధిలో ముగ్గు పడే వాకిలి ఒక్కటీ మిగల్లేదు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడని మా అమ్మాయి, ఈ మార్గశిరంలో ఏం తోచిందో, తనే పీట కడిగి, అక్షింతలు పట్టుకుని నా ఎదుట కూర్చుంది.

"సెప్పమ్మా, నేను ఊ అంటాను," అంది వచ్చీరాని తెలుగులో.

సవతితల్లి దగ్గర పెరిగే పిల్ల మట్టితో లక్ష్మీదేవి బొమ్మ చేసుకుందనే వరకు చెప్పాను. ఆ తర్వాత కథ నాకు తెలియదు. అమ్మాయి ఊ అంది. అక్షింతలు వదలకుండా, నా మొహంలోకి చూస్తూ, మళ్లీ ఊ అంది.