తెల్ల బోర్డు బామ్మర్ది

మా ఆవిడ తమ్ముడితో నేను మాట్లాడక మూడేళ్లయింది. తన పెళ్లికి ఇంటికొచ్చి అక్కకు బొట్టు పెట్టి, నా చేతిలో కార్డు పెట్టి పిలవకుండా ఫోన్‌లో పంపాడు. ఒక్కగానొక్క బావను, నన్ను పిలిచే పద్ధతి అదా? నేను పోలేదు. మా ఆవిడ ఒక్కతే పోయి, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి తిరిగొచ్చింది. అప్పుడు కూడా తప్పు నాదనిపించలేదు. నా కోపం అలాంటిది.

మొన్న చలికాలంలో అతనికి కూతురు పుట్టింది. అరకులో ఒక రిసార్టులో వంట పని అతనిది, కాపురం కూడా అక్కడే. బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టాల్సింది మేనత్త. ఆ పిల్లకున్న మేనత్త మా ఆవిడ ఒక్కతే. “అక్క రాకుంటే తొట్టెల చెయ్య” అని ఫోన్లో తెగేసి చెప్పాడట. మా ఆవిడ నా వైపు చూసింది.

“తీస్కపోత. నిన్ను దింపి నేను లాడ్జిల ఉంట. వాని గడప మాత్రం తొక్క” అన్నాను.

ఆమె సరేనంది. ఎప్పుడూ దేనికీ అంత తేలిగ్గా సరేననదు. అక్కడి నుంచే నాకు అంతా గజిబిజిగా అనిపించడం మొదలైంది.

రైలు టికెట్లు దొరకలేదు, బస్సు ఆమెకు పడదు. పెళ్లిళ్ల రోజులు కావడంతో మా సూర్యాపేటలో కిరాయి కారన్నది లేదు. చివరికి మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న దోస్తు తన కారునే డ్రైవర్‌తో సహా కిరాయికి ఇచ్చాడు. తెల్లవారకముందే కారొచ్చింది. డ్రైవర్‌ది త్రిపురారం. ముప్పై దాటిన, మాటకారి మనిషి. చివ్వెంల దాటగానే అసలు సంగతి బయటపెట్టాడు.

“సార్, ఇది తెల్ల బోర్డు బండి, సొంతానికే తిప్పాలె. కిరాయికి పోతున్నమని తెలిస్తె గుంజుకుంటరు. కోదాడ దాటినంక ఆపుతరు. నేను మీ సుట్టాన్ని అని చెప్పుండ్రి.”

“ఏం సుట్టం?”

“బామ్మర్దిని అనుండ్రి సార్. గదైతె ఎవ్వరికి డౌట్ రాదు.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చి మూడేళ్లు. సరేనన్నాను. అతను వెంటనే “బావా” అంటూ అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాడు. “బావా, ఏసీ పెంచన్నా?” “బావా, చాయ్ తాగుదమా?”

“ఆగు” అంది మా ఆవిడ వెనక సీట్లోంచి. “నాకు తమ్ముడు ఒక్కడే. ఇంకొకల్ని తమ్ముడంటె నాకు నోరు రాదు. మరిది అంట.”

“మరిదంటె నాకు తమ్ముడైతడు. నేను బామ్మర్ది అంటిని గద!”

“నువ్వు మార్చుకో.”

“నేనెందుకు మార్చుకోవాలె?”

డ్రైవర్ పరేషానయ్యాడు. ఆమెను అక్కా అనాలో వదినా అనాలో తెలియక, రెండూ తప్పించి “మేడమ్” అన్నాడు. సొంత చుట్టం మేడమ్ అంటాడా అని ఇద్దరం కలిసి అతని మీద పడ్డాం. కోదాడ వచ్చింది, పోయింది. వరస మాత్రం తేలలేదు.

ఆంధ్ర సరిహద్దు దగ్గర నిజంగానే ఆపారు. ఒక అధికారి కిటికీలోకి వంగి, డ్రైవర్‌ను చూపిస్తూ, “ఎక్కడికండీ? ఈయనెవరు?” అన్నాడు.

“బామ్మర్ది” అన్నాను నేను. “మరిది” అంది మా ఆవిడ. రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి.

ఆయన మా ముగ్గురి మొహాలూ చూశాడు. ఇక్కడ కారు పోతే రేపు పొద్దున తొట్టెలకు ఆమెను ఎలా చేర్చాలి? ఈసారి ప్రయాణమే నా వల్ల ఆగిపోయిందంటే ఆమె నన్ను ఏమీ అనదు. అనకపోవడమే భరించలేను.

డ్రైవరే అందుకున్నాడు. “రెండు దిక్కుల నుంచి కలుస్తది సార్. మా మ్యానత్తను వీళ్ల సిన్నాయినకిచ్చిండ్రు, మళ్ల గాడ మా...”

“బాబోయ్, చాలండి. మా ఇంట్లోనూ ఇదే గొడవ. ముందు డిక్కీ తియ్యండి” అన్నాడాయన. డిక్కీలో పిల్ల బట్టలు, వెండి మొలతాడు, తమ్ముడికిష్టమని ఆమె చేసిన సకినాల డబ్బా ఉన్నాయి. ఆయన వెతికేది మందు సీసాల కోసమట. వరస కోసం కాదు. వెళ్లమన్నాడు.

ఆ తర్వాత ఎవరూ వరస మాటెత్తలేదు. కానీ డ్రైవర్‌కు బావా అనడం అలవాటైపోయింది. విజయవాడ, రాజమండ్రి, విశాఖ, దారి పొడుగునా బావా. నేనూ “ఏందిరా” అనడానికి అలవాటుపడ్డాను. అనంతగిరి ఘాటెక్కేసరికి పొద్దు గుంకుతోంది. పొగమంచు ముంచుకొచ్చింది, ఫోన్లో దారి చూపించడం ఆగిపోయింది. “బావా, ఎటు?” అంటాడతను. “నాకేం తెలుసురా” అంటాను నేను. ఒకే మలుపు దగ్గరికి రెండుసార్లు వచ్చినట్టనిపించింది. మా ఆవిడ సిగ్నల్ దొరికినప్పుడల్లా ఎవరికో మెసేజ్‌లు పెడుతూనే ఉంది.

ఎలాగో అరకు చేరాం. మా ఆవిడ ఇక్కడే ఆపమంటే కారాపించి, నా లాడ్జి ఎక్కడుందో చూద్దామని దిగాను. ముందు బోర్డులున్నట్టున్నాయి గానీ ఒక్క అక్షరమూ కనబడదు. కళ్లు చికిలించి చూస్తున్నాను.

“బావా, ఎటు సూస్తున్నవ్?” అని వెనక నుంచి పిలుపు.

“ఏం కనవడ్తలేదురా. నువ్వే సూసి తీస్కపో” అన్నాను విసుగ్గా, తల తిప్పకుండానే.

“సరె బావా.”

ఆ గొంతు డ్రైవర్‌ది కాదు. వెనక్కి తిరిగాను. డ్రైవర్ స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాడు. నా పక్కన మా ఆవిడ తమ్ముడు, నెత్తికి మఫ్లర్ చుట్టుకుని, చేతిలో అప్పుడే నా సంచి పట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్లనిండా నీళ్లు.

నీతో కాదు, డ్రైవర్‌తో అన్నాను అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కారులోంచి మా ఆవిడ నన్నే చూస్తోంది.

“నడువు” అన్నాను.

మర్నాడు తొట్టెల దగ్గర ఆమె వంగి పిల్ల చెవిలో పేరు చెబుతుంటే, నేను ఆ ఇంట్లోనే, గోడకానుకుని నిలబడ్డాను. బావ పాత సంగతులన్నీ ఒక్క మాటతో మరిచిపోయిండని అతను ఇప్పటికీ అందరితో చెప్పుకుంటాడట. నేను ఆ మాట ఎవరితో అన్నానో అతనికి ఇంతవరకు చెప్పలేదు.