గంజి రాజేశం గిర్క

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పాత గాలపు గిర్కకు ముక్కలు వెతికిన సంగతి ఎవరికి కావాలి... అయినా చాయ్ తాగాక చేతికి పని లేదు. చదివేవాళ్లు చదువుతారు.

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మానేరు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గర ఒక వెదురు కట్టె, దానికో దారం, దారానికో గాలం. అంతే. మా రాజేశం మామ కట్టెకు మాత్రం దారం చుట్టే ఇత్తడి గిర్క ఉండేది. మామ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడు. సాంచల పనికి భీవండి పోయి, అక్కడి పాత సామాన్ల బజారులో దాన్ని కొనుక్కొచ్చాడు. సాంచ అంటే మరమగ్గం. మరమగ్గం అంటే మా దగ్గర ఎవరూ పలకరు, అది కాగితాల మీది మాట.

చేప దారం లాగితే గిర్క కిర్ర్... మంటూ తిరిగేది. లోపల చిటికెన వేలి గోరంత నాలుక ఒకటి పళ్లచక్రానికి కొట్టుకునేది. ఆ చప్పుడు కోసమే మామ దాన్ని కొన్నాడని మా అవ్వ అనేది.

కొన్నాడు గానీ, దానికి ఏ దారం చుట్టాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేత ఇంట్లో పుట్టినవాడు కదా... నూలు పోగులు పేని, గట్టిపడాలని గంజి పెట్టి, ఎండలో ఆరేసి, మగ్గానికి కండె చుట్టినంత శ్రద్ధగా గిర్కకు చుట్టాడు.

"గంజి వెట్టని నూలు నూలేనా అల్లుడా" అన్నాడు.

నీళ్లలో పడగానే గంజి కరిగింది. పరక చేపలు గుంపుగా వచ్చాయి. ఎర జోలికి ఒక్కటీ పోలేదు... దారాన్ని పట్టుకుని చీకడం మొదలుపెట్టాయి. పక్కన బర్రెలు కడుగుతున్న ముసలాయన కాసేపు చూసి అడిగాడు, "ఏం రాజేశం, చేపలు వట్టుడా, చేపలకు బువ్వ వెట్టుడా?"

"ఇయ్యాల తినని. రేపటికి బలుస్తయి, అప్పుడు వట్టుకుంట" అన్నాడు మామ.

మర్నాటికి ఆ దారం ఎండి, గిర్కకు అప్పడంలా అతుక్కుపోయింది. తర్వాత నైలాన్ దారం వచ్చింది, కొర్రమట్టలూ పడ్డాయి. పడినప్పుడల్లా మామ నా తల గిర్క దగ్గరికి వంచేవాడు. "ఇను... ఎట్ల మాట్లాడుతుందో." కానీ ఊళ్లో ఆయన పేరు గంజి రాజేశంగానే ఉండిపోయింది. ఒకసారి కొండగట్టు జాతరలో నేను తప్పిపోతే, మైకు దగ్గరి ఆయన ఎవరి పిల్లగాడివి అన్నాడు. గంజి రాజేశం మేనల్లుణ్ణి అన్నాను. అట్లాగే పిలిచారు. మామ వచ్చాడు, ముఖం గంటు పెట్టుకుని...

ఎక్కడికో పోయాను. ఆ మామకు ఇప్పుడు వినపడదు. సాంచల మధ్య బతికినవాళ్లకు ముందు పోయేవి చెవులే. మొన్నటి ఎండాకాలం ఆయన సాంచలూ పోయాయి... ఇనుప సామాను కింద తూకానికి ఎత్తుకుపోయారు. వినపడకపోయినా గలగలా మాట్లాడే మనిషి, అప్పటినుంచి మా అరుగు మీద కూర్చుని ఊరికే తల ఊపుతుండేవాడు.

ఒకరోజు సంచిలోంచి గిర్క తీసి నా చేతిలో పెట్టాడు. చిలుము పట్టి పచ్చగా ఉంది.

"దీనికి జర మాటలచ్చేటట్టు చెయ్యి అల్లుడా."

చాన్నాళ్లకు ఆయన నోట విన్న నిండు మాట అది. ఇక ఎట్లా ఊరుకుంటాను...

చింతపండుతో తోమితే ఇత్తడి తేలింది. గాసునూనెలో నానేస్తే మరలు ఊడాయి. స్ప్రింగు కుట్టుమిషను దుకాణంలో దొరికింది. విరిగిన పిడికి కండె ముక్క సరిపోయింది. నాలుకే లేదు, ఎక్కడో రాలిపోయింది. కరీంనగర్‌లో గాలాలు అమ్మే ఆయన "దీనికి ముక్కలు దొరకయి కాకా, కొత్తది తీస్కో" అని ప్లాస్టిక్‌ది చూపించాడు. ఇచ్చోడలో పాత సామాన్ల షేటు అటూ ఇటూ తిప్పి చూసి, "బాయి గిర్కనా? గింత చిన్న బాయి ఏడున్నది?" అన్నాడు.

"ఇనవడని మనిషికి సప్పుడు చేసే గిర్కెందుకయ్యా? మెరుస్తుంది కదా, గట్లనే ఇచ్చెయ్యి" అంది మా ఇంటామె. మాట నిజమే. కానీ ఆయన మెరిపించమని అడగలేదు కదా...

సాంచలు పోయిన మామ షెడ్డు కిరాయికి ఇద్దామని ఊడుస్తుంటే, మూలన ఇనుప కొక్కెం ఒకటి దొరికింది. సాంచ మీద బట్ట చుట్టుకునే చక్రం వెనక్కి తిరగకుండా ఆపేది. నాలుక చేసే పనే, ఒళ్లే పెద్దది. ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి గానీ, అరిగి అరిగి అది నాలుకంత అయింది.

గిర్క మామ చేతిలో పెట్టాను. చెవి దగ్గరికి తీసుకోలేదు. బొటనవేలు పక్కన ఆనించి దారం లాగాడు. కిర్ర్... సాంచ చట్రం మీద చెయ్యేసి దాని బాగోగులు చెప్పే రోజుల్లోలాగే కళ్లు మూసుకున్నాడు. మళ్లీ లాగాడు.

"మన మూలకున్న సాంచ లెక్కనే ఉన్నది" అన్నాడు. "గదీ గిట్లనే నత్తి కొడుతుండె."

ఆ ముక్క ఎక్కడిదో నేనింకా చెప్పనే లేదు.

ఒకప్పుడు మా వీధిలో పక్కమనిషి మాట వినపడేది కాదు, అంత చప్పుడు. ఇప్పుడు కుక్క ఒళ్లు విదిలించుకున్నా వినపడుతుంది... మీ ఇళ్లలో మూగబోయిన సామాను ఉంటే, దేని ముక్క దేనికి అతికిందో రాయండి. చదువుతాను.

ఆదివారం మానేరుకు పోయాం. గాలం వేసేముందు మామ దారం కొసను నోట్లో పెట్టుకుని చూశాడు.

"గంజి లేదు" అన్నాడు. వేశాడు.