ఖాదర్ పిలిచాడు, నేను విన్నాను

సహోదరులారా, సహోదరీలారా, ఆరు నెలలపాటు నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేవాణ్ణి, పాట ఎత్తుకుంటే పల్లవి దాటేవాణ్ణి కాదు, డ్యూటీ దిగగానే క్యాంపు కంచె వెంబడి ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉండేవాణ్ణి, కాళ్లు లాగేస్తున్నా ఆగాలంటే భయం!

నేను బెల్లంపల్లివాణ్ణి, బొగ్గుగనుల మధ్య పెరిగినవాణ్ణి. సౌదీకి పోయినా నాకు దొరికింది గని పనే, ఫాస్ఫేట్ గనిలో డంపర్ నడపడం. సౌదీ అంటే మీకు ఎండే గుర్తొస్తుంది గానీ మేముండేది బాగా ఉత్తరాన, జోర్డాన్ సరిహద్దు దిక్కున. చలికాలం పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్లు గడ్డకట్టి చుక్క రాలేది కాదు, గాలి లేచిందంటే తెల్లటి దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకొనేది. ఊరంటూ లేదు, రేకుల గదులు, మెస్సు, ఒక చిన్న కొట్టు, అంతే. శుక్రవారం సెలవునాడు బతా బజారుకు పోతే మనవాళ్లు కనబడతారని రియాద్‌లో ఉన్నవాళ్లు చెప్పేవారు, మాకు రియాద్ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. మా గదిలో విశ్వాసులం ముగ్గురం, అక్కడ మన ఆరాధన బయటికి చేయకూడదు గనక తలుపు వేసుకొని గొంతు పైకి రాకుండా పాడుకొనేవాళ్లం.

గని దారుల్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకర్‌ను ఖాదర్ నడిపేవాడు. కడప జిల్లా ముస్లిం సోదరుడు, నాకు జ్వరం వస్తే జావ కాచి తెచ్చినవాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను డంపర్ వెనక్కి తీస్తూ ఫోన్‌లో మెసేజ్ చూస్తున్నాను. రేడియోలో అతని గొంతు వచ్చింది.

"అన్నా, నీ ఎనకాల ఉండా, ఆగు!"

విన్నాను సహోదరులారా, విన్నాను! ఇది చదివి ఆపుదాంలే అనుకున్నాను, అంతలోనే నా డంపర్ గుద్ది ట్యాంకర్ క్యాబిన్ నలిగిపోయింది, ఖాదర్ తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది.

విచారణలో సేఫ్టీ ఆఫీసర్ అడిగితే, "అతను రేడియోలో పిలవలేదు, చెప్పకుండా నా వెనక్కి వచ్చాడు" అన్నాను. ఆ ఛానెల్‌లో అప్పుడు ఉన్నది మేమిద్దరమే, తలదెబ్బకు ఖాదర్‌కు ఆ పూట సంగతే గుర్తులేదు. తప్పు అతనిదని రాసేశారు, కాలు అతికాక ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే పనిలోంచి తీసేసి మళ్లీ రాకుండా, ఇంటికి పంపేద్దామన్నారు.

ఇక నాకు నిలకడ ఎక్కడిది! "ఏందయ్యా, నాతోని మాట్లాడుకుంట ఎటు నడుస్తున్నవ్? ఒక్కతాన కూసోరాదా" అని నా భార్య సుగుణ ఫోన్‌లో అడిగితే, సిగ్నల్ కోసమని ఇంకో అబద్ధం చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఖాదర్ ఎగ్జిట్ కాగితాల కోసం చంకకర్రలతో క్యాంపుకు వచ్చాడు. నేను తప్పించుకు పోతుంటే పిలిచాడు.

"అన్నా, ఒగటే చెప్పు. నేను నిన్ను పిలిసినానా, లేదా? పిలిసే ఉంటానని మనసు చెప్తాంది, గుర్తు మాత్రం రాల్యా. నా తప్పేనంటే ఒప్పుకుంటా. తెలీకుండా బతకడం నా చేత కాదన్నా."

నేను గదిలోకి పరుగెత్తి, తలుపు వేసుకొని మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, ఉద్యోగం అడగను, జైలుకు పోయినా సరే, నా నోరు తెరువు తండ్రీ! నా పాపానికి వాణ్ణి బలి చేయకు" అని ఏడ్చాను. ఏ స్వరమూ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు, కానీ లేచాక నా కాళ్లు తిన్నగా ఖాదర్ దగ్గరికే నడిచాయి.

"నువ్వు పిలిచినవ్ ఖాదర్. నేను విన్న. విని ఆగలే."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "పిలిసినా గదా, పిలిసినా గదా" అని తనలో తానే అనుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "పోన్నా, నా కండ్ల ముందర ఉండొద్దు" అన్నాడు.

అదే గంటలో ఆఫీసర్ దగ్గర కూడా అంతా చెప్పాను. డంపర్ తాళాలు తీసుకున్నారు, అక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు తీసుకున్నారు, పోలీసులకు అప్పగిస్తారో లేదో తెలియక రెండు వారాలు గడిచాయి. చివరికి ఖాదరే ఆఫీసుకు వచ్చి, నా మీద ఫిర్యాదు లేదని సంతకం పెట్టాడు. బయటికి వచ్చి నాతో అన్నాడు: "నా కోపం ఇంగా పోలేదన్నా. కానీ నువ్వు చెప్పకపోయింటే, నన్ను నేనే నమ్మకుండా బతుకుతాంటి."

అతని పేరు మీది తప్పు కొట్టేశారు, వైద్యం చేయించి స్టోర్‌లో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఫైనల్ ఎగ్జిట్ నాకు వచ్చింది. విమానంలో సీటు బెల్టు పెట్టుకొని కళ్లు మూసుకుంటే, హైదరాబాద్‌లో దిగేటప్పుడు పక్కాయన తట్టి లేపాడు. దేవునికే మహిమ!

ప్రియులారా, ఎవరికైనా చెప్పవలసిన నిజం ఒకటి మీ గొంతులో ఇరుక్కొని ఉందా? పోయేది ఎంతో లెక్క వేయకండి, ప్రభువును నమ్మి ఈరోజే ఆ మనిషి ఇంటి తలుపు తట్టండి. మీరు వెళ్లేసరికి ప్రభువు అక్కడే ఉంటాడు.