బోరు మీద సన్నికల్లు

మా ఊళ్లో ఇల్లు అదిరితే ఎవరూ బయటికి పరుగెత్తరు. బొగ్గు బాయిలో పేలుళ్లు పెట్టారనుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే ఉంటారు. ఆ ఉదయం అరమీద గిన్నెలు గలగలలాడినప్పుడు మా పెద్దమ్మ కూడా బియ్యం చెరగడం ఆపలేదు. కాసేపటికి ఆమెకే అనుమానం వచ్చింది. బాయిలో పేల్చేది మధ్యాహ్నం కదా, పొద్దున్నే ఏమిటి? టీవీ పెడితే భూకంపమని చెప్తున్నారు.

అంతకు మూడు రోజుల ముందే ఆమె పామాయిల్ మొక్కల కోసం బోరు వేయించింది. మూడు వందల అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. నువ్వు భూమిని పొడిచావు, ఊరంతా ఉలిక్కిపడిందని పక్క చేను ఆయన నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వలేదు. మోటరు దించడానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపేసి, బోరు మూతి మీద సన్నికల్లు పెట్టింది. అప్పటికే మొక్కల ఆకులు కొనల నుంచి ఎండుతున్నాయి.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా లైబ్రరీ బల్ల దగ్గర సంపాదించుకున్నదే. వరుసగా మూడు సాయంత్రాలు పాల్వంచ వెళ్లి భూమి గురించిన పుస్తకాలు తిరగేశాను. మనం నిలబడ్డ నేల ఒక మహా రాతి పలక. ఏటా అంగుళమో రెండంగుళాలో ఉత్తరానికి జరుగుతూ, హిమాలయాల దగ్గర అవతలి పలకను నెడుతోంది. ఆ నెట్టుడు ఇంత దూరాన మన రాళ్లలోనూ బిగుసుకుని ఉంటుంది. గోదావరి వెంట ఎన్నో కోట్ల ఏళ్ల కిందట నేల పగిలి, పగుళ్ల నడుమ భాగం కుంగింది. ఆ పల్లంలో పూడుకుపోయిన అడవులే మన బొగ్గు. బిగువు పట్టలేనంతగా పెరిగినప్పుడు ఆ పాత పగుళ్ల వెంటే రాళ్లు ఒక్కసారిగా జారతాయి. లైబ్రరీ కిటికీలోంచి కనిపించే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల కింద మండే బొగ్గుకూ, మా గిన్నెలను కదిపిన అదురుకూ మూలం ఒకే చోట ఉందని తెలిసి, పేజీ తిప్పకుండా చాలాసేపు కూర్చున్నాను.

నాలుగో రోజు పెద్దమ్మకు చెప్పాను. నీ బోరు లోతు వాకిలి నుంచి చేను గట్టు దాకా అనుకుంటే, అదురు పుట్టిన చోటు బస్సెక్కి పాల్వంచ పోయినంత దూరం, కాకపోతే కిందికి అన్నాను. ఆమె వంటింటి గోడ వైపు చూసింది. ఏటా సిమెంటు పూసినా అదే చోట విచ్చుకునే పగులు ఉందక్కడ.

"గీ గోడ లెక్కనే గదరా. బరువు యాడ పడ్డా పాత పగులు కాడనే విచ్చుకుంటది."

మూడు సాయంత్రాలు నేను చదివినదాన్ని ఆమె అంత సులువుగా చెప్పేసింది.

"మరి మళ్ల వస్తదా?"

"రావొచ్చు పెద్దమ్మా. ఎప్పుడనేది ఎవ్వరూ చెప్పలేరు. నువ్వు బోరు మూసినా తెరిచినా అది ఆగదు."

ఆమె లేచి చేనుకు నడిచింది. ఇద్దరం కలిసి సన్నికల్లు పక్కకు దొర్లించాం.

"భూమిని ఊపే బలం నాకుంటే ఆ మోటరోళ్లు పిలవంగనే రాకపోదురా? ఫోన్ కొట్టు జల్దీ."

వాళ్లు ఐదు రోజులకు వచ్చారు. రెండు మొక్కలు పోయాయి. మిగతావి తేరుకున్నాయి.