మగ్లహ తాగిన జావ

మేనల్లుడి పెళ్ళిలో నాట్యం చేస్తుండగా మగ్లహ నడుం కింద నుంచి ఒక దిండు జారి చాప మీద పడింది. చిన్న దిండే. ఎర్ర పూల గలీబు. డోలు వాయిస్తున్నావిడ లయ తప్పలేదు. మగ్లహ వంగి దిండు తీసింది, దుమ్ము దులిపింది, పక్కనే కూర్చున్న ముసలావిడ వీపు వెనక సర్దింది. "ఆనుకో పెద్దమ్మా, నడుం పట్టేసిందన్నావుగా" అని మళ్ళీ నాట్యంలో కలిసింది. ముసలావిడ ఎప్పుడన్నానా అని ఆలోచిస్తూ ఆనుకుంది.

ఆ దిండు అక్కడెందుకుందో మా శరణార్థి శిబిరంలో ఎవరూ అడగరు. ఎడారివాళ్ళం, మా సహ్రావీలకు ఆడదాని అందమంటే నిండైన ఒళ్ళే. సన్నగా ఉన్న పిల్లను చూస్తే తల్లికి తిండి పెట్టడం రాదనుకుంటారు. మగ్లహ పుట్టుకతోనే పుల్ల. అందరూ తిన్న రొట్టే తినేది, ఇంకో ముక్క ఎక్కువే తినేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. కడుపు ఉబ్బేది, విరేచనాలయ్యేవి. అందుకని చీరలాంటి మెల్హ్ఫా చుట్టుకునే ముందు లోపల రెండు పాత గుడ్డలు, పండగైతే ఒక దిండు. గుడారాలు కుట్టే పనిశాలలో నా పక్క మిషను ఆమెది. కొలత లేకుండా గుడ్డ కత్తిరించి సరిగ్గా కుట్టేసేది. నాకు వరసకు వదిన.

నలభై దాటాక ఒళ్ళంతా దురదలు మొదలయ్యాయి. కుట్టు మధ్యలోనే నిద్రపోయేది. తల్లి తర్బ కాల్చిన ఇనుముతో కుడి డొక్క మీద వాతలు పెట్టించింది. తగ్గలేదు. అప్పుడు డాక్టరు లఘ్దఫ్ దగ్గరికి వెళ్ళాం. మా వాడే. క్యూబాలో చదివొచ్చి, టీ మానేసి కాఫీ తాగుతాడని ముసలివాళ్ళకు వాడి మీద కాస్త అనుమానం.

రక్తం పరీక్ష చేయించి, "నీకు సీలియాక్ అనే జబ్బు పిన్నీ. గోధుమ నీకు పడదు. పేగుల్ని పాడుచేసింది, ఇప్పుడు లివర్ని కూడా పట్టుకుంది" అన్నాడు.

"గోధుమ పడకపోవడమేమిటి నాయనా? ఇక్కడ గోధుమ తప్ప ఏముంది?"

"లివర్ వాచింది, ఇంకా గట్టిపడలేదు. రొట్టె మానేస్తే తిరిగి బాగవుతుంది. గట్టిపడ్డాక నేను చేయగలిగేది పెద్దగా ఉండదు."

మగ్లహ మానేసింది. ఆ మానేయడం చూడాలి! పళ్ళెం చుట్టూ పదిమంది చేతులు పెట్టే ఇళ్ళలో, తన గిన్నె తను పట్టుకెళ్ళి మూల కూర్చుని అన్నం తినేది. గోధుమ రవ్వతో కుస్‌కుస్ వండిన రోజున మాటలు పడేవి.

"ఏం మగ్లహా, మా చేతులు కడుక్కోలేదనా?"

"నీ చేతులు శుభ్రమేనే, నీ నోరే" అనేది.

ఈ జబ్బువాళ్ళకని ఆసుపత్రిలో గోధుమ లేని వేరే పిండి ఇచ్చేవారు. దానితో రొట్టె చేస్తే ఎండిన మట్టిపెళ్ళలా విరిగేది. అదే నమిలేది. సన్నగా ఉన్నదల్లా ఇంకా సన్నబడింది. పరీక్షలు మాత్రం మారలేదు. లఘ్దఫ్ కాగితం చూసి మొహం ముడిచేవాడు.

"దొంగచాటుగా తింటున్నావా పిన్నీ?"

"మా నాన్న సమాధి మీద ఒట్టు."

రెండేళ్ళు గడిచాక ఆమెకు పొట్ట వచ్చింది. పనిశాలంతా సంబరం. "ఎట్టకేలకు ఒళ్ళు పట్టిందే! ఏం తింటున్నావో మాకూ చెప్పు" అని ఒకావిడ, "దిండు పైకి జరిగిందేమో చూసుకో" అని ఇంకొకావిడ. మగ్లహ కూడా నవ్వింది. ఆ వారం గుడ్డలేమీ లోపల చుట్టుకోకుండా వచ్చింది పాపం. తర్వాత ఒకరోజు మిషను మీద వంగినప్పుడు ఆమె కళ్ళు చూశాను. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి.

నేనే లఘ్దఫ్‌ను పిలుచుకొచ్చాను. పొట్ట తట్టి చూశాడు, లోపల చేరింది నీళ్ళన్నాడు. వంట దగ్గర ఏముందో చూస్తానన్నాడు. ఇంటికొచ్చిన మనిషిని తర్బ ఊరికే చూడనిస్తుందా? పెద్ద కొయ్యగిన్నె నింపి చేతిలో పెట్టింది.

"తాగు నాయనా. బల్గమాన్. దీని వల్లే నా బిడ్డ ఇంకా నిలబడి ఉంది. రోజూ పొద్దున్నే నా చేత్తో కలిపి ఇస్తాను."

"ఇందులో ఏముంది అమ్మమ్మా?"

"ఒంటె పాలు, చక్కెర, వేయించిన బార్లీ పిండి. లారీల్లో వచ్చే సాయం పిండి కాదు! ఆ పిండే కదా మనల్ని రోగిష్ఠుల్ని చేసింది. ఇది మన నేలది. వాన పడిన ఏడు మా తమ్ముడు విత్తి పంపాడు. మా అమ్మ నన్ను దీనితోనే పెంచింది."

లఘ్దఫ్ గిన్నె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అడుగంటా తాగేశాడు. గిన్నె తిరిగిచ్చి, దేవుడు నీ చేతిని చల్లగా ఉంచాలని దీవించి, మగ్లహను బయటికి రమ్మన్నాడు. నేను గ్లాసులు కడిగే నెపంతో వెనకే వెళ్ళాను.

"బార్లీ కూడా అంతే పిన్నీ. గోధుమ ఎంతో అదీ అంతే. నేను రొట్టె అన్నాను, గోధుమ అన్నాను. బార్లీ మాట ఎత్తలేదు. ఇంట్లో ఎవరు తాగుతున్నారనుకున్నాను ఈ రోజుల్లో."

మగ్లహ గాలికి లేచిన మెల్హ్ఫా కొస పట్టుకుని నిలబడింది.

"లివర్?"

"గట్టిపడింది."

"ఇప్పుడు మానేస్తే?"

"ఇంకా పాడవడం నెమ్మదిస్తుందేమో. పోయింది రాదు."

"సరే. మా అమ్మకు చెప్పకు."

"ఎప్పటికైనా తెలియాలి కదా పిన్నీ."

"ఏది తెలియాలి? రోజూ పొద్దున్నే లేచి, ఆ వణికే చేతుల్తో తను ఏం కలిపిందో తెలియాలా? నోరు మూసుకో. నువ్వూ మూసుకోవే గ్లాసులదానా."

మూసుకున్నాను. లఘ్దఫ్ ఇసుకలో బూటుతో గీత గీసి, చెరిపి, వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మగ్లహ ఉత్త పాలు తాగింది. అరగడం లేదంది ఒకరోజు, ఉపవాసమంది ఇంకో రోజు. తర్బ ఊరుకుంది. కానీ వేయించడం ఆపలేదు. గుడారమంతా ఆ కమ్మటి వాసన. కలిపిన గిన్నె మీద మూత పెట్టి సాయంత్రం దాకా ఉంచేది. తర్వాత మేకలకు పోసేది. మగ్లహ పొట్ట పెరుగుతోంది, చేతులు ఎముకలవుతున్నాయి. పనిశాలకు రావడం మానేసింది. నేనే వెళ్ళి కూర్చునేదాన్ని.

ఒకరోజు అలా కూర్చుని ఉండగానే ముసలామె గిన్నె తెచ్చి, కూతురి ముందు టప్పున పెట్టింది.

"ఏమే, చిక్కి శల్యమైపోతున్నావు. నిన్ను నిలబెట్టే గిన్నెను ముట్టుకోవు. మేకలు తాగుతున్నాయి నా కష్టం. ఈ వదిన ముందే చెప్పు, నా చేతి జావ బాగుండలేదా?"

మగ్లహ గిన్నెను మెల్లగా తల్లి వైపు జరిపింది.

"బాగుండకేమమ్మా, బాగుందనే కదా రెండేళ్ళూ చుక్క మిగల్చకుండా తాగాను."