అయిదు చెట్ల లెక్క

ఓబుళమ్మ పోయిందని నాకు మొదట చెప్పింది ఆమె కోడలు ఈశ్వరమ్మ. "పోయే ముందు గూడా ఇత్తనం మూట యాడ పెట్టినావని అడిగిందక్కా," అంది ఫోన్‌లో. ఆ ఇంట్లో ఆ మూట లేక మూడేళ్లయింది. లేకపోవడానికి కారణం నేను.

నాలుగేళ్ల కిందటి ఖరీఫ్. బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో, ఓబుళమ్మ వాళ్ల చేలో వేరుశనగ ట్రయల్ పెట్టాం. అంటే వాళ్ల పాత విత్తనాన్నీ కొత్త రకాన్నీ పక్కపక్క మడుల్లో వేసి పోల్చి చూడడం. నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి చదువూ లెక్కలూ నేర్పాడు. ఆ కాస్త చదువుతోనే దేవుడు నాకు ఫీల్డ్ అసిస్టెంట్ పని చూపించాడు. చెట్లు పెరికి, కాయలు లెక్కపెట్టి రాసివ్వాలి. అలా పెరికిన చెట్లనే శాంపిల్ అంటాం.

మేము కోత ఈశాన్యం మూలన మొదలుపెడతాం. మొదటి చెట్టు పెరికి దండం పెట్టుకుంటాం. ఆ రోజూ అలాగే చేశాను. మబ్బు కమ్ముకొస్తోంది. మడంతా తిరిగి తీయాల్సింది పోయి, రెండు మడుల్లోనూ ఆ మూలనే అయిదేసి చెట్లు పెరికాను. కొత్త రకానికి కాయలు రెట్టింపున్నాయి.

గట్టు మీద కూర్చున్న ఓబుళమ్మ అడిగింది. "అయిదు చెట్లు చూసి చేనంతా చెప్తావా తల్లీ?"

ఆమె కొడుకు తిప్పేస్వామి నవ్వాడు. "నీకేం తెలుసమ్మా, గమ్మునుండు. ఆయమ్మ కాగితం మీద రాసినాది."

ఆ పాత విత్తనం ఓబుళమ్మకు అత్త ఇచ్చి పోయింది. ఏటా వేపాకు కలిపి మూటగట్టి దాచేది. నా కాగితం చూసి తిప్పేస్వామి ఆ మూటను నూనె మిల్లుకు వేశాడు. మరుసటి ఏడు చేనంతా కొత్త రకమే విత్తాడు. పూత దశలో వాన ఆగిపోయింది. పూత నుంచి దిగి కాయ కట్టే ఊడలు నేలలోకి దిగకుండానే ఎండిపోయాయి.

నేను వెళ్లేసరికి ఓబుళమ్మ చేలోనే ఉంది. తిట్టలేదు. మజ్జిగ ఇచ్చి, ట్రయల్‌లో కొత్త రకం వేసిన మడి మూల చూపించింది. "వానొస్తే నీళ్లన్నీ ఈడికే వచ్చి నిలబడతాయి. పాతదాని మూల మెరక. ఆ పొద్దే నాకు తెలుసు."

"మరి చెప్పలేదేమవ్వా?"

"అది నువ్వు దేవునికి మొక్కిన మూల. దానికి అడ్డం మాట్లాడేదెట్లా?"

ఆ పాత విత్తనం కోసం నేనూ తిప్పేస్వామీ వజ్రకరూరు దాకా ఊరూరా అడిగాం. ఎవరి దగ్గరా లేదు. అదే వేసి ఉంటే ఆ ఏడు నిలబడేదో లేదో కూడా ఇక చెప్పలేం. పోల్చడానికి అది మిగల్లేదు.

ఇప్పుడు ఒక్కో రకాన్ని మెరకలోనూ పల్లంలోనూ నాలుగైదు చోట్ల వేయిస్తాను. దాన్ని రెప్లికేషన్ అంటారు. ప్రతి మడిలో అటూ ఇటూ నడిచి చెట్లు తీస్తాను. ఎన్ని చాలు అని కొత్తవాళ్లు అడిగితే, చేను చోటుచోటుకూ ఎంత తేడాగా ఉంటే అంత ఎక్కువ చెట్లు కావాలంటాను. ఈశాన్యం మూలన ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. ఆ చెట్టును మాత్రం లెక్కలో కలపను, దేవుడికే వదిలేస్తాను.

నా తప్పుకు ఒక్క మాట అనకుండా పోయిన మనిషికి ఇంతకన్నా ఏమీ చెల్లించలేను. మీరెప్పుడైనా కాస్త చూసి మొత్తానికి తీర్పు రాయబోతే, గట్టు మీద కూర్చుని ఆ ఒక్క ప్రశ్న అడిగిన ఓబుళమ్మను తలుచుకోండి.